సంచి మోసిన నవలాకారుడు

భద్రాచలంలో ముక్కోటికీ నవమికీ పుస్తకాల దుకాణం పెట్టడం మా నాన్న నాటి నుంచి మా ఇంటి పని. దుకాణమంటే నాలుగు వెదురు బొంగులు, పైన టార్పాలిన్, కింద గోనెపట్టా. పంచాంగాలు, దాశరథీ శతకం, పెద్ద బాలశిక్ష చకచకా పోతాయి. వాటి మధ్య ‘ప్రజల మనిషి’ నవల రెండు కాపీలు పెడతాను. ఏడాదికి ఒకటి పోతే గొప్ప. రాసినాయన మా వృత్తివాడు, ఎట్లా పెట్టకుంటాను?

దాన్ని రాసిన వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నకిరేకల్ దగ్గర పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే పంతులు గారింట్లో వంట చేసిపెడుతూ చదువుకున్నాడు. బెజవాడ హోటల్లో పని చేశాడు. తర్వాత గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ముప్పై పైచిలుకు పుస్తకాలు వేశాడు. వేసినవి సంచిలో పెట్టుకుని ఊరూరా తిరిగి తానే అమ్మాడు.

ఆ సంచి సంగతి నాకు తెలుసు. బియ్యం మూట భుజానికి ఒదుగుతుంది, పుస్తకాల కట్ట ఒదగదు. అట్టల మూలలు పక్కటెముకల్లో దిగుతాయి, పురికొస అరచేతిలో గాటు పెడుతుంది. ఒకసారి చర్ల సంతకని బయల్దేరితే దుమ్ముగూడెం దాటాక వాన పట్టుకుంది. పై కట్టలో శతకాలన్నీ ఉబ్బి అతుక్కుపోయాయి. మర్నాడు ఎండలో ఆరేసి సగం ధరకిచ్చాను.

నాకు వానొక్కటే భయం. ఆయన తిరిగిన నిజాం ఇలాకాలో సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి, బడి చదువు ఉర్దూలో. అంటే తెలుగు పుస్తకం కొనే మనిషిని కూడా ఆయనే తయారు చేసుకోవాలి. అప్పట్లో మాకు గోదావరే సరిహద్దు. అవతల బూర్గంపాడు నిజాముది, ఇవతల భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీది. ఇవతల స్వర్గమేం కాదులెండి, ఉన్నవ లక్ష్మీనారాయణ నవల ‘మాలపల్లి’ని నిషేధించింది మద్రాసు సర్కారే. 1959లో గానీ మేం ఖమ్మం జిల్లాలో కలవలేదు.

నిజాం సర్కారు ఆళ్వారుస్వామిని జైల్లో కూడా పెట్టింది. నిజామాబాదు జైల్లో ఆయనకు తోడు కవి దాశరథి, మా ఖమ్మంలో చదువుకున్నవాడే. పళ్లు తోముకునే బొగ్గుతో దాశరథి గోడల మీద పద్యాలు రాసేవాడు. బయటికొచ్చాక 1949లో వచ్చిన తన ‘అగ్నిధార’ను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. ఆళ్వారుస్వామి సొంత నవల ‘ప్రజల మనిషి’ మాత్రం 1955 దాకా ఆగింది. ఇతరుల పుస్తకాలు మోసీ మోసీ, నలభయ్యో ఏట తనది. రెండోది ‘గంగు’ పూర్తికాకుండానే 1961లో పోయాడు. అది 1965లో వచ్చింది, మా భద్రాచలం వంతెన తెరిచిన ఏడే.

మొన్నటి ముక్కోటికి ఒక కుర్రాడు ‘ప్రజల మనిషి’ తిరగేస్తూ దిమ్మెగూడెం అన్న చోట ఆగిపోయాడు.

“దుమ్ముగూడెమా? మా ఊరే!”

“కాదు నాయనా, అది వేరే ఊరు. ఇందులో దొర ఉంటాడు.”

“మా దగ్గరా ఉన్నారులే,” అని పది రూపాయలు తగ్గించమన్నాడు. ఇరవై తగ్గించాను.