కారు సెట్టు వెనక వేడి

కారులో రేడియో పెట్టాలని మనిషికి ఎప్పుడు బుద్ధి పుట్టిందో, ఆ రేడియో వేడెక్కడం కూడా అప్పుడే మొదలైంది. 1930లో షికాగోలో పాల్ గాల్విన్ అనే ఆయన తన చిన్న కంపెనీలో 5టి71 అనే కారు రేడియో తయారుచేయించాడు. దాన్ని తన స్టూడిబేకర్ కారులో బిగించుకుని, అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సభ జరుగుతుంటే అక్కడిదాకా నడుపుకుంటూ వెళ్లాడు. సభలో ఆయనకు స్టాలు లేదు. కారు బయటే ఆపి, గట్టిగా పాట పెట్టి, వచ్చేపోయేవాళ్లకు వినిపించాడు. ఆ రేడియోకు పెట్టిన పేరు మోటరోలా. 1947లో కంపెనీకే ఆ పేరు పెట్టుకున్నారు. ఈ కథ చాలామంది చెబుతారు. నా ధ్యాస మాత్రం ఆ సెట్టు లోపలి వేడి మీద ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో కారు సెట్లు బాగుచేయడం నా వృత్తి. బల్ల మీదికి వచ్చిన సెట్టును ముందు వెనక పలక మీద చెయ్యి వేసి చూడటం నాకు మా గురువుగారు నేర్పిన మొదటి పని.

ఆయన వాల్వు రేడియోల కాలం మనిషి. గవర్నరుపేటలో ఇళ్లలోని రేడియోలు బాగుచేస్తూ, గుంటూరు పొగాకు వ్యాపారుల కార్లలోని సెట్లు కూడా చూసేవారు. ఆ సెట్లలో వాల్వు ప్రతిదాంట్లోనూ ఒక తీగ ఎర్రగా కాలుతూ ఉండాలి, లేకపోతే అది పనిచెయ్యదు. బ్యాటరీ చూస్తే ఆరు వోల్టులు. వాల్వు ప్లేటుకు కావలసింది రెండు వందల వోల్టుల పైమాట. తొలిరోజుల్లో దానికోసం కారు నేల కింద వేరే బ్యాటరీలు పెట్టేవారు. తర్వాత వైబ్రేటరు వచ్చింది. డబ్బాలో ఒక రేకు సెకనుకు వంద సార్లకు పైగా కొట్టుకుంటూ కరెంటును తెంచి కలుపుతుంటే, ట్రాన్స్‌ఫార్మరు దాన్ని పెంచేది. సెట్టు ఆరేడు ఆంపియర్లు లాగేది. లెక్క వేస్తే నలభై వాట్లు. అందులో స్పీకరుకు చేరేది మూడో నాలుగో వాట్లు, మిగిలిందంతా డాష్‌బోర్డు కింద వేడిగా మారేది. రేకు కొట్టుకోవడం ఆగి అతుక్కుపోతే ట్రాన్స్‌ఫార్మరు మాడేది. మా గురువుగారు మూత తియ్యకముందే వార్నిష్ వాసన పట్టి చెప్పేవారు. "ఒరే, వేడి అనేది జ్వరంలాంటిదిరా. జ్వరానికి మందు వెయ్యకు, జబ్బు ఎక్కడుందో చూడు" అనేవారు. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఆ మాటలోనే ఉంది.

1955లో అమెరికాలో క్రైస్లర్ వాళ్లు ఇంపీరియల్ కార్లకు పూర్తి ట్రాన్సిస్టరు రేడియో ఇచ్చారు. ఫిల్కో తయారుచేసినది. వాల్వు పోయింది, వైబ్రేటరు పోయింది, ఇక వేడి బాధ తీరిందనే అందరూ అనుకుని ఉంటారు. కానీ ఆ కాలపు ట్రాన్సిస్టర్లు జెర్మేనియంతో చేసినవి. జెర్మేనియానికి ఒక గుణం ఉంది. అది వేడెక్కితే దాన్లోంచి కరెంటు ఎక్కువ కారుతుంది, ఎక్కువ కరెంటు కారితే ఇంకా వేడెక్కుతుంది. ఆ చక్రం ఒకసారి మొదలైతే ట్రాన్సిస్టరు చచ్చేదాకా ఆగదు. సిలికాను నూట యాభై డిగ్రీలు ఓర్చుకుంటుంది, జెర్మేనియానికి తొంభై, వంద దాటితే కష్టం. ఎండలో తలుపులు బిగించి నిలిపిన కారు గంటలో బయటి గాలికన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువ కాగుతుంది. మా బెజవాడ మే నెలలో బయటే నలభై అయిదు. ఇక డాష్‌బోర్డు వెనక సంగతి చెప్పాలా? అందుకే ఆ సెట్లలో పవర్ ట్రాన్సిస్టరును వెనక పలకకు బిగించేవారు. మధ్యలో అభ్రకపు రేకు, దానికి రెండు పక్కలా తెల్లని పేస్టు. వేడి దాటాలి, కరెంటు దాటకూడదు. పేస్టు ఎండిపోయి సున్నంలా రాలితే సెట్టుకు రోజులు దగ్గరపడినట్టే. బెంగళూరు బెల్ కంపెనీ తయారుచేసిన ఎసి187, ఎసి188 జతల కోసం మేము అంగళ్లన్నీ తిరిగేవాళ్లం. పాత ట్రాన్సిస్టరు తీసి కొత్తది వెయ్యడం పెద్ద పని కాదు. దాని బయాస్, అంటే పాట లేనప్పుడు కూడా దాన్లో పారే కరెంటు, సరిచెయ్యకుండా వదిలేస్తే కొత్తది కూడా పోతుంది. తొందరపడే మెకానిక్కుకూ ఓపికున్న మెకానిక్కుకూ తేడా అక్కడే తెలిసేది.

క్యాసెట్టు డెక్కులు వచ్చాక ఆటోనగర్‌లో మా పనికి పండగే. టాక్సీ ప్రతిదాంట్లోనూ ఘంటసాల భగవద్గీత పొద్దున్నే మోగాల్సిందే. లోపల ట్రాన్సిస్టర్ల బదులు ఐసీ అనే చిప్పు కూర్చుంది. మొదట టిబిఎ810, తర్వాత అయిదు కాళ్ల టిడిఎ2003. ఈ రెండో దానికి ఒక తెలివి పెట్టారు, హద్దు దాటి వేడెక్కితే తనంతట తానే ఆగిపోతుంది, చల్లబడితే మళ్లీ పాడుతుంది. ఇది గొప్ప మేలు. ఎన్ని సెట్లను కాపాడిందో లెక్కలేదు. ఇక డ్రైవర్లు వచ్చి చెప్పే మాట కూడా మారింది: "బాబాయ్, ఏలూరు దాకా బాగానే పాడింది, ఆ తర్వాత ఆగింది, టీ తాగొచ్చేసరికి మళ్లీ పాడింది."

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. పాత సెట్లలో స్పీకరుకు పోయే రెండు వైర్లలో ఒకటి ఎర్తే. అంబాసిడర్ ఇనుప బాడీ కాబట్టి, వైరు ఖర్చు కలిసివస్తుందని ఆ రెండో వైరును దగ్గర్లోని బోల్టుకు చుట్టేసేవారు. ఏ తప్పూ లేదు, పాట బాగానే వచ్చేది. 1983 డిసెంబరులో మారుతీ 800 రోడ్డెక్కింది. ఆ వెనకే కొత్త రకం జపాను సెట్లు చేతికందాయి. వీటిలో స్పీకరు రెండు వైర్లకూ చెరో పక్కనుంచి ఆంప్లిఫయరు కరెంటు ఇస్తుంది, ఏదీ ఎర్త్ కాదు. పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచే ఎక్కువ శబ్దం రాబట్టే ఉపాయం అది. పాత అలవాటులో రెండో వైరును బాడీకి చుట్టిన చోటల్లా సగం ఆంప్లిఫయరు ఎర్త్‌కు షార్టయి, వెనక పలక చెయ్యి పెట్టలేనంతగా కాలేది. సెట్టు మార్చినా అదే బాధ. ఆ రోజుల్లో కంపెనీని తిట్టని ఓనరు లేడు. తప్పు సెట్టుది కాదు, వైరింగుది. ఈ వృత్తి చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు నాకు కనిపించదు.

సెట్టు మీద రాసే వాట్ల సంగతీ చెప్పాలి, అదీ వేడి కథలో భాగమే. "52 వాట్లు ఇంటూ 4" అని ముఖం మీదే అచ్చు వేస్తారు. ఇంజను నడుస్తుండగా 14.4 వోల్టులు, స్పీకరు 4 ఓములు అనుకుంటే, ఆ ఐసీ నుంచి చెడని శబ్దంగా రాగలిగిన గరిష్ఠం 26 వాట్లు. శబ్దం పూర్తిగా చితికిపోయి చతురస్రపు తరంగమైతేనే 52. ఇంకో సంగతి, ఈ రకం ఐసీ అన్నింటికన్నా ఎక్కువ వేడెక్కేది వాల్యూము నిండా తిప్పినప్పుడు కాదు, దాని శక్తిలో సుమారు నలభై శాతం దగ్గర. ఇక ఒకే వైర్ల జతకు రెండేసి స్పీకర్లు కలిపి 2 ఓములు చేస్తే కరెంటు రెట్టింపు. ఆ కాగుడుకు ఏ పలకా చాలదు.

ఇప్పుడు కారుతోపాటే సెట్టు వస్తోంది. ఒకప్పుడు 182 మిల్లీమీటర్ల వెడల్పు, 53 ఎత్తు ఉన్న ఒకే కొలత కంతలో ఏ కంపెనీ సెట్టయినా దూరేది. ఇప్పుడు డాష్‌బోర్డు వంపును బట్టి సెట్టు. వెనక వైర్ల కట్టలు, ఏసీ గొట్టం, శబ్దం రాకుండా కుక్కిన స్పాంజి, గాలి ఆడే చోటే లేదు. వేడెక్కిందంటే సర్వీసు సెంటర్లలో సామాన్యంగా వినిపించే మాట ఒకటే, సెట్టు మొత్తం మార్చాలి. ఆ మాట విని నా దగ్గరికి వచ్చిన ఒక కారులో ఎడమ వెనక తలుపు స్పీకరు వైరు, తలుపుకూ బాడీకీ మధ్యనుండే రబ్బరు గొట్టంలో ఒరిసి, రాగి బయటపడి ఉంది. తలుపు మూసినప్పుడే బాడీకి తగిలేది. అందుకే తలుపు తెరిచి పరీక్షించిన ఎవరికీ దొరకలేదు. జానెడు వైరు మార్చాను. సెట్టును విప్పనే లేదు.

మరో రకం వేడి ఉంది: తాళంచెవి తీసేసిన కారులో పొద్దున్నే సెట్టు గోరువెచ్చగా ఉండటం. పసుపు వైరు ఎప్పుడూ బ్యాటరీతో ఉండాలి, ఎరుపు వైరుకు తాళం తిప్పితేనే కరెంటు రావాలి. రెండింటినీ ఎవరో ఒకచోట కలిపేస్తే సెట్టు రాత్రంతా మేలుకునే ఉంటుంది, బ్యాటరీ కూడా దిగిపోతుంది.

తెర ఉన్న నేటి సెట్లలో ఆంప్లిఫయర్లు తక్కువ వేడితో పనిచేసే డి తరగతివి వస్తున్నాయి. కాలుతున్నది ఇప్పుడు ప్రాసెసరు. దాని బోర్డు బయట దొరకదు, దొరికినా సాఫ్ట్‌వేర్ తాళం వేసి ఉంటుంది. బాగుచేసే వీలున్న వస్తువును ఇలా మూసెయ్యడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

కనుక కారున్నవాళ్లకు నా మనవి. సెట్టు మార్చమని ఎవరైనా అంటే ఒప్పుకునే ముందు స్పీకరు వైర్లు సెట్టు నుంచి ఊడదీయించి, మల్టీమీటరుతో ఒక్కొక్కదాన్నీ బాడీకి కొలిపించండి. తలుపులు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి. ఎక్కడా బాడీకి తగలకూడదు. స్పీకరు జత మధ్య మూడున్నర ఓములకు అటూఇటూగా చూపాలి. అంతా సరిగ్గా ఉంటేనే సెట్టు విప్పమనండి.