నేషనల్ రైటింగ్ ప్రాజెక్ట్

నేషనల్ రైటింగ్ ప్రాజెక్ట్ అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో రచనా బోధన చేసే ఉపాధ్యాయులకు శిక్షణ, తోడ్పాటు అందించే సంస్థ. 1974లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జేమ్స్ గ్రే ‘బే ఏరియా రైటింగ్ ప్రాజెక్ట్’ పేరిట దీనికి నాంది పలికాడు. ఉపాధ్యాయులకు ఉపాధ్యాయులే ఉత్తమ శిక్షకులన్నది దీని మూలసూత్రం. విశ్వవిద్యాలయాల్లో జరిగే వేసవి శిబిరాల్లో, కిండర్‌గార్టెన్ మొదలు కళాశాల దాకా వివిధ స్థాయుల్లో బోధించేవారు తమ తరగతుల్లో ఫలించిన పాఠాలను తోటివారి ముందు ప్రదర్శిస్తారు. తామూ రచనలు చేసి, చిన్న బృందాల్లో చదివి వినిపించి, చర్చించి, తిరగరాస్తారు. రాయడంలోని తడబాటును స్వయంగా ఎరిగిన ఉపాధ్యాయుడు విద్యార్థి చిత్తుప్రతిలో తప్పులకన్నా ముందు ఆలోచనను గుర్తించగలగడం ఈ పద్ధతికి ప్రధాన బలం. శిక్షణ పొందినవారు తమ ప్రాంత పాఠశాలల్లో ఇతరులకు శిక్షకులవుతారు. ఈ సంస్థకు 1991లో మొదలైన ప్రత్యక్ష సమాఖ్య ప్రభుత్వ నిధులు 2011లో నిలిచిపోయాయి.