ముసలోనికి సోకులెందుకు?

మా కరీంనగర్ వైపు ఒక మాట తరచుగా వినబడుతుంది. అరవై దాటినాయన నున్నగా గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్టాండు వైపు వచ్చాడంటే చాలు, "గీ వయసుల గీనకు సోకులు సూడుండ్రి" అని ఎవరో ఒకరు అంటారు. పెద్దావిడ తలకు నూనె పెట్టి నున్నగా దువ్వుకుని, మంచి చీర కట్టుకుంటే ఇంకో రెండు మాటలు ఎక్కువే అంటారు. నవ్వేసి ఊరుకునే మాటే అనుకోండి. కానీ మా జిల్లాల చరిత్ర చదువుతుంటే ఈ మాట వెనక చాలా కథ ఉందనిపించింది.

ముందు ఒక చిన్న లెక్క. పీవీ నరసింహారావు గారు 1921 జూన్ 28న పుట్టారు, 1991 జూన్ 21న ప్రధాని అయ్యారు. అంటే డెబ్బై నిండడానికి సరిగ్గా వారం తక్కువ. అప్పటి కరీంనగర్ జిల్లా వంగర ఊరి మనిషి. తెల్లటి పంచె, లాల్చీ, భుజాన ఉత్తరీయం, నున్నగా గీసిన గడ్డం. ఆయన్ని చూసి "ముసలోనికి సోకులు" అని ఎవరైనా అన్నారా? అనరు. దాన్ని హుందాతనం అంటారు. అదే వంగరలో అదే వయసు పాలేరు అలా తయారైతే సోకు! మరి ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది?

మన ఊళ్లలో తరతరాలుగా సొంతంగా గడ్డం గీసుకునే అలవాటు తక్కువ. మంగలి పొది పట్టుకుని ఇంటికి వచ్చేవాడు. అరుగు మీదనో, చెట్టు కిందనో కూర్చోబెట్టి పని కానిచ్చేవాడు. కూలి రొక్కంగా కాదు, ఏడాదికోసారి కల్లం కాడ గింజలు. (ఈ కులం పేరును తిట్టులా వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను పాత వృత్తి పేరుగానే రాస్తున్నాను.) లేవలేని ముసలివాళ్లకు ఈ పద్ధతి ఒక వరం. మంచంలో ఉన్నా సరే ఇంటికి వచ్చి గోళ్లు తీసి, గడ్డం గీసి వెళ్లేవాడు.

కాకపోతే ఇది అందరికీ కాదు. చాలా ఊళ్లలో దళితుల ఇళ్లకు ఆ పొది వెళ్లేది కాదు. ఇక దొర గడీలో అయితే గింజల లెక్క కూడా లేదు, వెట్టే. నిజాం కాలంలో ఏ కులం వాళ్లు ఏ వెట్టి చేయాల్సి వచ్చేదో పుచ్చలపల్లి సుందరయ్య గారు తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో వివరంగా ఉంటుంది. మంగలివాళ్లు దొర ఇంట్లో రోజూ పనిచేయాలి, రాత్రయితే కాళ్లు పిసకాలి. అంటే వయసు మళ్లిన దొర మొహంలో కనిపించిన ఆ నునుపు ఇంకొకడి ఉచిత చాకిరీ అన్నమాట.

1948లో నిజాం పాలన పోయింది గానీ దొరతనం పోలేదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి పోవాలి, దొరల చేతుల్లోని బంజర్లు కూలీలకు రావాలి, దండుగల పేరుతో లాక్కున్న డబ్బు వెనక్కి ఇవ్వాలి అన్నవి రైతుకూలీ సంఘాల డిమాండ్లు. వినని దొరలకు ఊళ్లు వేసిన శిక్ష ఏంటో తెలుసా? సాంఘిక బహిష్కారం. బట్టలు ఉతకరు, గడ్డం గీయరు, పొలానికి జీతగాడు పోడు. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. చాలామంది దొరలు ఊళ్లు వదిలి పట్నం చేరుకున్నారు.

నాకు ఇందులో ఆశ్చర్యంగా తోచింది ఆ ఆయుధమే. తుపాకీ కాదు, ఒక మంగలికత్తి పని మానేయడం! కాళ్లూచేతులూ సరిగ్గా ఆడని వయసులో మన మొహం మన చేతిలో ఉండదు, ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆ ఇంకొకరిని మనిషిగా చూశామా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఆడవాళ్ల సంగతి ఇంకో రకం. వాళ్లకు గీత గీసింది వయసు కంటే ముందు వైధవ్యం. భర్త పోయిన పదో రోజుకు బొట్టు, గాజులు, మెట్టెలు తీసేయాలి. కొన్ని అగ్రకులాల్లో జుట్టు కూడా తీసేయించేవారు. ఆడవాళ్లలో చాలామంది వార్ధక్యం భర్త లేకుండానే గడుస్తుంది కాబట్టి, "ముసలామెకు అలంకారం ఏంటి" అన్న మాట దాదాపు చట్టంలా నిలబడిపోయింది.

ఆదిలాబాద్ గోండు గూడేల్లో కథ కొంచెం వేరు. అక్కడ విధవలు మళ్లీ పెళ్లి చేసుకోవడం ఆచారంలోనే ఉంది. ఇంకా పచ్చబొట్లు. అక్కడ తోటి తెగ ఆడవాళ్లు ఈ పనిలో నేర్పరులు. గాజులు పగలగొట్టొచ్చు, వెండి కడియాలు కరువొస్తే తాకట్టు పెట్టొచ్చు. పచ్చబొట్టును ఎవరు తీసేయగలరు? చనిపోయినా వెంట వచ్చే సొమ్ము అదొక్కటే అని వాళ్ల నమ్మకం. ముడతలు పడ్డ చేతి మీద ఆ నీలిరంగు గీతలు చూస్తే నాకు ఆ నమ్మకం సబబే అనిపిస్తుంది.

అదే గోండుల దండారిలో గుస్సాడీలు నెమలి ఈకల టోపీ పెట్టి, ఒంటికి బూడిద పూసుకుని, కట్టుడు గడ్డాలతో ఆడతారు. అంటే పడుచువాళ్లు కోరి పెట్టుకునే వేషంలో గడ్డం ఒక భాగం! మార్లవాయి కనకరాజు గారు ముదిమిలో కూడా ఆ వేషం కట్టారు, కుర్రాళ్లకు నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆ టోపీ పెట్టుకున్న ఆయన్ని చూసి సోకు అనే ధైర్యం ఎవరికుంటుంది?

ఇక ఇవాళ్టి సంగతి. వెట్టి పోయింది, మంచిదే. దాంతోపాటు ఇంటికొచ్చే పొది కూడా పోయింది. ఆ కులం పిల్లలు కొందరు దుబాయ్ వెళ్లారు, కొందరు మన పక్క క్యూబికల్‌లోనే కోడ్ రాస్తున్నారు. ఊళ్లో మిగిలినవాళ్లు సెలూన్ పెట్టుకున్నారు. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం సెలూన్లకు నెలకు 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితం చేసింది. వృద్ధుల పింఛను 2014లో వెయ్యి రూపాయలైంది, 2019లో 2016 రూపాయలైంది. చేతిలో నాలుగు డబ్బులుంటే ముసలాయన ఎవర్నీ అడక్కుండా కుర్చీలో దర్జాగా కూర్చుంటాడు. నా దృష్టిలో ఇది చిన్న మార్పు కాదు.

మిగిలింది మెట్లెక్కలేనివాళ్లు. వాళ్ల పిల్లలు మనమే, హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్నాం. ఫోన్ చేస్తే "మందులు వేసుకున్నవా, షుగర్ ఎంతుంది" అని అడుగుతాం. గడ్డం ఎవరు గీస్తున్నారు, కాలిగోళ్లు ఎవరు తీస్తున్నారు అని అడగం. అడిగి, ఊళ్లో సెలూన్ అన్నకు ఫోన్ చేసి, నెలకు రెండుసార్లు ఇంటికి రమ్మని మాట్లాడుకుంటే సరిపోతుంది. పాత గింజల లెక్కన కాదు, ఆయన చెప్పిన రేటుకు, పైన వచ్చిపోయే చార్జీ కలిపి.

ఎవరైనా "సోకులు" అంటే పీవీ గారి ఫొటో చూపించండి :)