టూ-స్ట్రోక్ ఎండ్యూరో మోటార్‌సైకిల్

రోడ్డు, అడవి బాట, వాగు, బురద, రాళ్ల గుట్ట, ఏది ఎదురైనా చెప్పిన సమయానికి చెప్పిన చోటికి చేరడానికి తయారైన తేలికపాటి బండి ఎండ్యూరో మోటార్‌సైకిల్. మోటోక్రాస్ బండిలా కట్టిన ట్రాక్‌లో కాసేపు పరుగెత్తి ఊరుకుంటే దీనికి సరిపోదు. హెడ్‌లైటు, స్పీడోమీటరు, నంబరు ప్లేటు పెట్టుకుని మామూలు రోడ్డెక్కే అర్హత కూడా ఉండాలి. 1960ల నడుమ నుంచి సుమారు ఇరవై ఏళ్లు ఈ రంగాన్ని టూ-స్ట్రోక్ ఇంజన్లు ఏలాయి. ఆ కాలపు బళ్లను వెతికి పట్టుకుని, విప్పి, బాగుచేసి, మళ్లీ బురదలోకి దించడం ఇవాళ యూరప్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో బాగా వేళ్లూనుకున్న అభిరుచి. ఆ బళ్లు ఇంతకాలం మిగలడానికి కారణం ఒక పాత పోటీ నిబంధనలో దొరుకుతుంది: బండి ఎక్కడ చెడినా నడిపేవాడే బాగుచేసుకోవాలి.

ఆరు రోజుల పరీక్ష

ఆ పోటీ పేరు ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ట్రయల్, పొట్టిగా ఐఎస్‌డీటీ. మొదటిసారి 1913లో ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో జరిగింది. ఆరు రోజులు, రోజుకు వందల కిలోమీటర్లు, దారిపొడవునా టైమ్ కంట్రోళ్లు. ఆలస్యమైతే మార్కులు పోతాయి. రాత్రి బండిని కాపలా ఉన్న ఆవరణలో వదిలి వెళ్లాలి, తాకడానికి వీల్లేదు. పొద్దున చలికి గడ్డకట్టిన ఇంజన్‌ను జెండా ఊపిన నిమిషంలోపు స్టార్ట్ చేసి గీత దాటాలి. ఫ్రేము, ఇంజను, చక్రాల వంటి ముఖ్య భాగాలకు నిర్వాహకులు ముందే రంగు గుర్తులు వేస్తారు. గుర్తు వేసిన భాగాన్ని మార్చకూడదు, రిపేరు మాత్రం చేసుకోవచ్చు. బయటివాళ్ల చెయ్యి పడకూడదు. టైరు పంక్చరైతే దారి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రెండు టైరు లీవర్లతో కొన్ని నిమిషాల్లో ట్యూబు మార్చుకుని పోవలసిందే.

ఈ నిబంధనే బండి రూపాన్ని తీర్చింది. తక్కువ బోల్టులు, ఒకే స్పానరు పట్టే నట్లు, చేతికందే స్పార్క్ ప్లగ్, చప్పున ఊడే చక్రం. అందంగా ఉందా అన్నది ఎవరూ చూడలేదు.

తొలి దశాబ్దాల్లో గెలుపంతా దాదాపు ఫోర్-స్ట్రోక్ బళ్లదే. బ్రిటిష్ జట్టు 1953లో చివరిసారి ప్రధాన ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత గాలి తూర్పుకు తిరిగింది.

చోపావ్ నుంచి వచ్చిన పొగ

ఫోర్-స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి మంట పుడుతుంది. టూ-స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ పుడుతుంది. వాల్వులు, క్యామ్‌లు, టైమింగ్ చైను ఉండవు. సిలిండరు గోడకున్న పోర్టులను పిస్టనే పైకీ కిందికీ పోతూ మూసి తెరుస్తుంది. పిస్టన్ కింది క్రాంక్‌కేసు ఈ ఇంజన్‌కు రెండో ఊపిరితిత్తి. కార్బురేటరు నుంచి వచ్చిన పెట్రోలు-గాలి మిశ్రమం ముందు అక్కడికి చేరి, పిస్టన్ దిగేటప్పుడు ఒత్తిడికి పైకి తన్నుకుపోతుంది. అందుకే అక్కడ ఇంజన్ ఆయిలు నింపి ఉంచడం కుదరదు, పెట్రోల్లోనే కలిపి పంపాలి. మన పెట్రోలు బంకుల్లో ఒకప్పుడు స్కూటర్ల కోసం ‘టూ-టీ’ ఆయిలు కొలిచి పోసింది ఇందుకే.

ఈ ఇంజన్‌ను సామాన్యుడి దగ్గరికి తెచ్చినది జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో, చోపావ్ అనే చిన్న పట్టణంలోని డీకేడబ్ల్యూ ఫ్యాక్టరీ. అది 1939లో తెచ్చిన ఆర్‌టీ-125ను యుద్ధానంతరం దేశదేశాలు నకలు చేశాయి. ఇంగ్లండ్‌లో బీఎస్ఏ బాంటమ్, అమెరికాలో హార్లే-డేవిడ్‌సన్ 125, సోవియట్ యూనియన్‌లో మాస్క్వా, జపాన్‌లో 1955 నాటి యమహా మొదటి మోటార్‌సైకిల్ వైఏ-1, అన్నిటిదీ ఒకటే తల్లివేరు. ఓడిన దేశపు డిజైన్‌ను గెలిచిన దేశాలు ఇంత బాహాటంగా పంచుకోవడం అరుదు.

యుద్ధం తర్వాత చోపావ్ తూర్పు జర్మనీలో పడింది, ఫ్యాక్టరీ ఎంజెడ్ అయింది. అక్కడ వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు సైలెన్సరు గొట్టం మీద దృష్టి పెట్టాడు. పొగతో పాటు ఒక శబ్దతరంగం కూడా గొట్టంలోకి పోతుంది. గొట్టం నడుమ లావై, చివర మళ్లీ సన్నబడితే ఆ తరంగం వెనక్కి తిరిగి వస్తుంది. సిలిండరు లోంచి జారిపోబోతున్న తాజా మిశ్రమాన్ని, పోర్టు మూసుకునే లోపు మళ్లీ లోపలికి నెడుతుంది. ఒక్క కదిలే భాగమైనా లేని ఈ ఉబ్బు గొట్టం, ఎక్స్‌పాన్షన్ చాంబర్, ఇంజన్ శక్తిని అమాంతం పెంచింది. 1961 నాటికి కాడెన్ 125 సీసీ రేసింగ్ ఇంజను 25 హార్స్‌పవర్ ఇచ్చింది, అంటే లీటరుకు 200. అదే ఏడాది ఎంజెడ్ రేసరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి పశ్చిమానికి పారిపోయి సుజుకీలో చేరాడు. ఆ విద్య అతని వెంట జపాన్ చేరింది.

ఐఎస్‌డీటీలో తూర్పు జర్మనీ ఎంజెడ్ బళ్లతో 1963 నుంచి 1967 దాకా వరసగా అయిదేళ్లు, మళ్లీ 1969లో ట్రోఫీ గెలిచింది. 1964లో పోటీ వాళ్ల సొంతగడ్డ ఎర్ఫుర్ట్‌లోనే జరిగింది. హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ అమెరికా జట్టుతో వచ్చి, 150 కిలోలు దాటిన ట్రయంఫ్‌ను బురదలో తోలి, మూడో రోజు పడిపోయి పోటీ వదిలేశాడు. 1970 నుంచి 1974 దాకా ట్రోఫీ చెకొస్లొవేకియా జట్టుది. వాళ్ల బళ్లు జావాలు.

స్వీడన్, స్పెయిన్, ఒహాయో, జపాన్

పశ్చిమాన ఈ బళ్లు చేసినవి ఎక్కువగా చిన్న కంపెనీలు. స్వీడన్‌లో హుస్క్‌వార్నా ఉండేది. బార్సిలోనాలో మోంటెసా, దాన్ని వదిలి బయటికొచ్చిన పాకో బుల్టో 1958లో పెట్టిన బుల్టాకో, ఓసా, మూడు కంపెనీలూ ఒకే ఊరివి. జర్మనీలో మైకో, జుందాప్, హెర్క్యులిస్ ఉండేవి. అమెరికాలోని ఒహాయోకు చెందిన జాన్ పెంటన్ తనకు నచ్చిన తేలిక బండి ఎవరూ చేయడం లేదని ఆస్ట్రియాలోని మాటిగ్‌హోఫెన్‌కు వెళ్లి, అప్పట్లో మోపెడ్లు, సైకిళ్లు చేసుకుంటున్న కేటీఎంను ఒప్పించాడు. 1968లో పెంటన్ పేరుతోనే బళ్లు అమెరికాలో దిగాయి. ఇవాళ ప్రపంచమంతటా తెలిసిన కేటీఎం ఎండ్యూరో వ్యాపారానికి పునాది అదే.

అదే ఏడాది వచ్చిన యమహా డీటీ-1 కథ వేరు. 246 సీసీ, సుమారు 112 కిలోలు, ఆయిలు కలిపే పని లేకుండా విడిగా పంపు. పందేలు గెలిచే బండి కాదది. పొద్దున ఆఫీసుకు, ఆదివారం కొండకు పోయే బండి. హుస్క్‌వార్నా కొనలేని, బుల్టాకో చిలిపితనం భరించలేని లక్షల మందికి అడవి బాట చూపింది. నా లెక్కలో ఈ క్రీడ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన బండి ఇదే, పతకాల పట్టికలో దాని పేరు పెద్దగా కనిపించకపోయినా సరే. 1971లో బ్రూస్ బ్రౌన్ డాక్యుమెంటరీ ‘ఆన్ ఎనీ సండే’లో మాల్కమ్ స్మిత్ హుస్క్‌వార్నా తోలడం చూశాక అమెరికాలో ఆ పిచ్చి ఇంకా ముదిరింది. 1973లో ఐఎస్‌డీటీ మొదటిసారి అమెరికాలో, మసాచుసెట్స్‌లోని డాల్టన్‌లో జరిగింది. ఆతిథ్య దేశం సిల్వర్ వాజ్ అనే మరో జట్టు బహుమతి గెలుచుకుంది. హుస్క్‌వార్నా మీద డిక్ బర్ల్‌సన్ 1974 నుంచి 1981 దాకా ఎనిమిదేళ్లు అమెరికా జాతీయ ఎండ్యూరో చాంపియన్‌గా ఎదురులేకుండా నిలిచాడు.

తర్వాతి మార్పులు చకచకా జరిగాయి. వెనక రెండు షాకబ్జార్బర్ల స్థానంలో యమహా ఒక్కదాన్నే సీటు కింద పెట్టింది. యమహా ఐటీ, సుజుకీ పీఈ, కవాసాకీ కేడీఎక్స్ వరసలు నేరుగా పోటీకి తయారై వచ్చాయి. ఆపైన గాలి చల్లబరిచే ఇంజన్ల స్థానంలో నీళ్ల ఇంజన్లు వచ్చాయి. 1981లో పోటీ పేరు కూడా ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ఎండ్యూరోగా మారింది.

ఇంజన్‌ను ఇంత తేలిక చేసిన నిర్మాణమే దాని మెడకు చుట్టుకుంది. పొగ బయటికి పోయే పోర్టు, తాజా మిశ్రమం లోపలికొచ్చే పోర్టు ఒకే సమయంలో తెరుచుకుని ఉంటాయి కాబట్టి కొంత పెట్రోలు కాలకుండానే గాలిలో కలుస్తుంది. దాంతో పాటు ఆయిలు పొగ. అమెరికాలో 1978 మోడళ్ల నుంచి మోటార్‌సైకిళ్లకు కాలుష్య పరిమితులు రావడంతో, రోడ్డెక్కే టూ-స్ట్రోక్‌కు దారి ఇరుకైంది. మైకో 1983లో, జుందాప్ 1984లో దివాలా తీశాయి. స్పెయిన్ కంపెనీల్లో మోంటెసా హోండా చేతికి పోయింది, మిగతావి మూతబడ్డాయి.

మన దేశంలో అసలు సిసలు ఎండ్యూరో టూ-స్ట్రోక్ అమ్మకానికి రాలేదు గానీ చుట్టరికం ఉంది. మైసూరులో ఐడియల్ జావా 1960ల మొదట్లో మొదలుపెట్టిన జావాలు, తర్వాతి యెజ్డీలు చెక్ జావా ఇంటివే. పోటీలు గెలిచిన బళ్లు వేరు, మన పొలం గట్ల మీద పాల క్యాన్లు మోసినవి వేరు. మద్రాసు ఎన్‌ఫీల్డ్ 1980లలో తెచ్చిన ఎక్స్‌ప్లోరర్, ఫ్యూరీలకు మూలం జుందాప్.

విప్పి బిగించడం

పాత ఎండ్యూరో బండి దొరికితే కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు ట్యాంకుకు రంగు వేయించడం. పని కింది నుంచి మొదలవ్వాలి. ముందు చెప్పుకున్న ఆ రెండో ఊపిరితిత్తికి చిల్లు పడకూడదు. క్రాంకుకు రెండు పక్కలా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్లు నలభై, యాభై ఏళ్లకు గట్టిపడి పెదవి చిట్లుతాయి. ఆ సందులోంచి గాలి లోపలికి పీల్చుకుంటే మిశ్రమంలో పెట్రోలు పలచబడుతుంది. దాంతో పాటు ఆయిలూ తగ్గుతుంది. ఇంజను విచిత్రంగా చురుకెక్కి, కొద్దిసేపు అద్భుతంగా లాగి, పిస్టన్ నెత్తిన రూపాయి బిళ్లంత చిల్లుతో ఆగిపోతుంది.

దీన్ని కనిపెట్టే పరీక్ష చవకైనది. కార్బురేటరు నోరు, సైలెన్సరు నోరు రబ్బరు బిరడాలతో మూసి, బీపీ చూసే బల్బు లాంటి చేతిపంపుతో లోపల చదరపు అంగుళానికి ఆరు పౌన్ల ఒత్తిడి ఎక్కించి ఆరు నిమిషాలు చూడాలి. ముల్లు దిగితే సబ్బు నురగ పూయాలి, ఎక్కడ బుడగ లేస్తే దొంగ అక్కడున్నట్టు. ఈ పరీక్ష చేయకుండా కిక్కు కొట్టేవాడు పిస్టన్ల దుకాణానికి మంచి ఖాతాదారు.

తర్వాత సిలిండరు. ఇనుప లైనరున్నదైతే లేత్ షాపులో బోరు చేయించి, సాధారణంగా 0.25 మిల్లీమీటర్ల మెట్టు పెద్ద పిస్టన్ వేయవచ్చు. లోపల క్రోమ్ లేదా నికాసిల్ పూత ఉన్నదైతే బోరు కుదరదు, మళ్లీ పూత వేయించాలి. మెగ్నీషియం కేసులు తేమకు తెల్లగా పొడి రాలుతాయి. పాయింట్లున్న మాగ్నెటోను ఉప్పుకాగితంతో రుద్ది బతికించవచ్చు. స్పెయిన్, జర్మన్ బళ్లలో ఉండే తొలితరం ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పోతే మాత్రం ఆ పెట్టెను విప్పి చూసి లాభం లేదు.

ఇప్పటి పెద్ద శత్రువు పెట్రోలే. బుల్టాకో, ఓసా వంటి బళ్ల ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల రెసిన్‌ను పెట్రోల్లో కలిపే ఇథనాల్ మెత్తబరిచి కరిగిస్తుంది. జిగురు కార్బురేటరు దాకా పోయి జెట్లు మూసుకుపోతాయి. పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి. మన బంకుల్లో ఇప్పుడు ఈ-20 వచ్చింది కాబట్టి యెజ్డీ, ఆర్ఎక్స్-100 యజమానులకూ ఈ రబ్బరు బాధ తప్పదు.

ఎంతవరకు మెరిపించాలన్నది అభిమానుల మధ్య తెగని తగువు. కొత్త బండిని మించి పాలిష్ చేసి గదిలో పెట్టేవాళ్లున్నారు. ఫ్రేము మీద మిగిలిపోయిన ఐఎస్‌డీటీ రంగు చుక్కను గీకి క్రోమ్ వేయించడం మాత్రం, నా ఉద్దేశంలో, పాత తాళపత్రాన్ని సబ్బుతో కడగడం లాంటిదే.

మళ్లీ బాటెక్కడం

అమెరికాలో పాత బళ్ల పోటీలు నడిపే అమెరికన్ హిస్టారిక్ రేసింగ్ మోటార్‌సైకిల్ అసోసియేషన్ బళ్లను కాలాన్ని బట్టి, సస్పెన్షన్ ఎంత కదులుతుందన్నదాన్ని బట్టి తరగతులుగా విడదీస్తుంది. బ్రిటన్‌లో వెనక జంట షాకబ్జార్బర్లున్న వాటిని ట్విన్‌షాక్ అంటూ వేరే పోటీ పెడతారు.

ఈ బళ్లు తోలడానికి వేరే చెయ్యి కావాలి. కింది వేగంలో మొద్దుగా ఉన్న ఇంజను ఒక్కసారిగా మేల్కొంటుంది, అందుకే ఎడమచేతి వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండాలి. వాగు దాటితే డ్రమ్ము బ్రేకులు కాసేపు పనిచేయవు. పొడుగాటి దిగుడులో ఆక్సిలరేటరు పూర్తిగా వదిలేసి గేరులో దిగితే, పెట్రోలుతో పాటు ఆయిలూ ఆగిపోయి పిస్టన్ పట్టేస్తుంది. తెలిసినవాళ్లు మధ్యమధ్య ఒకసారి ఆక్సిలరేటరు ఇచ్చి దిగుతారు.

టూ-స్ట్రోక్ ఎండ్యూరో ఆ కాలంతో అంతరించలేదు. కేటీఎం 2018 మోడళ్లతో పెట్రోలు ఇంజెక్షన్ ఉన్నవి తెచ్చింది. కానీ వాటిని దారి పక్కన రెండు స్పానర్లతో బాగుచేసుకోలేం. మీ ఊళ్లో ఏ పశువుల కొట్టంలోనో తాతగారి జావా దుమ్ముకొట్టుకుని ఉంటే, ఉత్సాహం కొద్దీ కిక్కు కొట్టకండి. ముందు ప్లగ్ ఊడదీసి, ఆ రంధ్రంలో రెండు చెంచాల ఆయిలు పోసి, ఒక రాత్రి అలాగే వదిలేయండి.