ఒకేసారా, ముప్ఫై ఏళ్ళా? – లాటరీ వాయిదాల వెనక కథ

జాక్‌పాట్ వంద కోట్ల డాలర్లు దాటిందంటే మా ఆఫీసులో ఆ రోజు పని సగమే. తలా రెండు డాలర్లు వేసుకుని టికెట్లు కొనడం ఐదు నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత గంటసేపు ఒకటే చర్చ: తగిలితే డబ్బంతా ఒకేసారి తీసుకోవాలా, ముప్ఫై ఏళ్ళపాటు వాయిదాల్లోనా? తగిలే అవకాశం ఎంతో అక్కడున్న అందరికీ తెలుసు, అయినా వాదన మాత్రం ఆగదు :-)

ఆ వాదనలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అసలీ వాయిదాల పద్ధతి ఎక్కడ్నుంచి వచ్చింది? గెలిచినవాడు డబ్బు పాడుచేసుకోకూడదని ప్రభుత్వం వారు దయతలచి పెట్టారా? పాత సంగతులు తిరగేస్తే తేలేది వేరు.

మూడు వందల ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్దాం. 1694, ఇంగ్లండు. ఫ్రాన్సుతో యుద్ధం సాగుతోంది, ఖజానా ఖాళీ. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పుట్టింది కూడా ఆ ఏడాదే, ఆ అవసరంలోంచే. దాంతోపాటే థామస్ నీల్ అనే ఆయన ‘మిలియన్ లాటరీ’ నడిపాడు. ఈయన టంకశాల అధిపతి. ఈయన తర్వాత ఆ పదవిలోకి వచ్చింది సాక్షాత్తూ ఐజాక్ న్యూటన్.

లాటరీ ఇలా ఉండేది. లక్ష టికెట్లు, ఒక్కోటి పది పౌన్లు, మొత్తం పది లక్షల పౌన్లు. అప్పట్లో కూలివాడికి పది పౌన్లంటే నెలల తరబడి సంపాదన, అందుకని జనం వాటాలు వేసుకుని మరీ కొన్నారు (మా ఆఫీసు పద్ధతి కొత్తదేమీ కాదన్నమాట). బహుమతులు 2,500. అన్నిటికన్నా పెద్దది ఏటా వెయ్యి పౌన్లు, పదహారేళ్ళపాటు. తమాషా ఏమిటంటే బహుమతి రాని టికెట్టుకి కూడా ఏటా ఒక పౌను ఇచ్చేవారు, అదీ పదహారేళ్ళే. అంటే ఓడిపోయినవాడికి కూడా పది పౌన్లకి పదహారు తిరిగొస్తాయి. లెక్క కడితే ఏడాదికి సుమారు ఆరు శాతం వడ్డీ.

ఇది లాటరీ వేషం వేసుకున్న అప్పు. ప్రభుత్వం దగ్గర ఒకేసారి ఇవ్వడానికి డబ్బు లేదు. ఉంటే లాటరీ ఎందుకు? అందుకే వాయిదాలు. ఆ వాయిదాలకి ఉప్పు మీదా, బీరు మీదా పన్నులు వేశారు. కొన్నేళ్ళు తిరక్కుండానే యుద్ధం ఖర్చు తట్టుకోలేక వాయిదాలు ఆలస్యమయ్యాయి. చేతిలో టికెట్టుండీ డబ్బు అందనివాళ్ళు ఏం చేస్తారు? దాన్ని ఎవరో ఒకరికి తక్కువకి అమ్ముకుంటారు. వాయిదాలు పుట్టిన కొద్దికాలానికే వాటిని కొనేవాళ్ళూ పుట్టారు.

దీనికి సరిగ్గా ఒక సంవత్సరం ముందు, 1693లో, తోకచుక్క ఖ్యాతి ఎడ్మండ్ హేలీ ఒక వ్యాసం ప్రచురించాడు. బ్రెస్లావ్ పట్టణపు జనన మరణాల లెక్కలు తీసుకుని, ఏ వయసువాడు ఇంకా ఎన్నేళ్ళు బతికే అవకాశముందో పట్టిక వేశాడు. అప్పట్లో ప్రభుత్వం బతికున్నంతకాలం ఏటా ఇంత అని ఇచ్చే యాన్యుటీలు అమ్మేది. కొనేవాడు పదేళ్ళ పిల్లాడైనా అరవయ్యేళ్ళ ముసలాడైనా ధర ఒకటే! అది తప్పనీ, ఈరోజు చేతిలో ఉన్న డబ్బుకీ రేపు వచ్చే డబ్బుకీ మధ్య వడ్డీ, ఆయుష్షు రెండూ ఉంటాయనీ ఆయన లెక్క కట్టి చూపించాడు. ఈరోజు బీమా కంపెనీలు చేసే లెక్కకి మూలం అదే.

ఇహ అమెరికాకొద్దాం. పంతొమ్మిదో శతాబ్దపు లాటరీల్లో జరిగిన మోసాలు చూసి దేశం వాటికి తలుపులు మూసేసింది. 1964లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం మళ్ళీ తెరిచింది. తర్వాత న్యూయార్కు, న్యూజెర్సీ. 1970ల్లో ‘మిలియన్ డాలర్ల బహుమతి’ అంటే తరచూ ఏటా 50 వేల డాలర్లు, ఇరవై ఏళ్ళు. రాష్ట్రం మిలియన్ మొత్తం పక్కన పెట్టక్కర్లేదు. అందులో సగమో, ఇంకా తక్కువో పెట్టి బాండ్లో, బీమా కంపెనీ యాన్యుటీనో కొంటే మిగతాది వడ్డీయే పూడుస్తుంది. బోర్డు మీద మాత్రం మిలియన్ అని రాసుకోవచ్చు. ఎంచుకునే హక్కు గెలిచినవాడికి లేదు.

1990ల్లో ‘క్యాష్ ఆప్షన్’ వచ్చింది, కానీ ఒక మెలికతో. అమెరికా పన్ను చట్టంలో ఒక పాత సూత్రం ఉంది: తీసుకునే హక్కు నీకుంటే, తీసుకోకపోయినా తీసుకున్నట్టే లెక్క. గెలిచాక ఎంచుకోనిస్తే, వాయిదాలు కోరినవాడు కూడా మొత్తానికీ మొదటి ఏడాదే పన్ను కట్టాల్సి వచ్చే ప్రమాదం ఉంది. అందుకని టికెట్టు కొనేటప్పుడే ‘క్యాషా, వాయిదాలా’ చెప్పమనేవారు. ఇంకా రాని డబ్బు గురించి కౌంటర్ దగ్గర నిలబడి ఏళ్ళ తరబడి సాగే నిర్ణయం తీసుకోవాలన్నమాట! 1998లో కాంగ్రెసు చట్టం మార్చింది. గెలిచాక 60 రోజుల్లోపు ఎంచుకోవచ్చు, వాయిదాలు కోరితే ఏ ఏటి డబ్బుకి ఆ ఏడే పన్ను. 1694 నుంచి లెక్కేస్తే గెలిచినవాడికి ఆలోచించుకునే వ్యవధి దొరకడానికి మూడు వందల నాలుగేళ్ళు పట్టింది.

ఇప్పుడు అంకెలు చూద్దాం, నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇక్కడే. ఈనాటి పవర్‌బాల్‌లో వాయిదాలు ముప్ఫై. మొదటిది వెంటనే ఇస్తారు, ఆపైన ప్రతి ఏడాదీ ఐదు శాతం పెరుగుతుంది. పది కోట్ల డాలర్ల జాక్‌పాటైతే మొదటి వాయిదా సుమారు 15 లక్షలు, చివరిది సుమారు 62 లక్షలు, పన్ను కట్టకముందు. ప్రకటించే అంకె ఈ ముప్ఫై వాయిదాల మొత్తం.

మూడు జాక్‌పాట్లు పక్కపక్కన పెట్టి చూడండి.

2016 జనవరి: ప్రకటించింది 158.6 కోట్ల డాలర్లు, నగదు 98.35 కోట్లు.
2022 నవంబరు: ప్రకటించింది 204 కోట్లు, నగదు 99.76 కోట్లు.
2023 అక్టోబరు: ప్రకటించింది 176.5 కోట్లు, నగదు 77.41 కోట్లు.

2016 కంటే 2022లో జాక్‌పాట్ 45 కోట్లు ‘పెరిగింది’. కానీ పెట్టెలో ఉన్న అసలు డబ్బు పెరిగింది కోటిన్నర కూడా లేదు. 2023ది మరీ విచిత్రం. బోర్డు మీద 2016 కన్నా పెద్ద అంకె, పెట్టెలో ఇరవై కోట్లకు పైగా తక్కువ డబ్బు! తేడా అంతా వడ్డీ రేట్లది. స్ప్రెడ్‌షీటు తెరిచి లెక్క కట్టాను. నగదుని వాయిదాలుగా మార్చే వడ్డీ 2016లో దాదాపు 2.8 శాతం, 2022లో 4.4, 2023లో 5.2. ఫెడరల్ రిజర్వు వడ్డీ పెంచితే హైవే పక్కన బోర్డు మీద జాక్‌పాటూ పెరుగుతుంది. బోర్డు మీద మనకి కనిపించేది డబ్బూ, దానికి కలిపిన ముప్ఫై ఏళ్ళ కాలమూ.

అందుకే ‘ఒకేసారి తీసుకుంటే సగం పోతుంది’ అని మావాళ్ళు బాధపడుతుంటే నాకు సరిగా అనిపించదు. పోయేదేమీ లేదు, ఆ సగం ఇంకా పుట్టనే లేదు. అలాగని వాయిదాలు తెలివితక్కువ పనీ కాదు. ఐదు శాతం వడ్డీ, పైగా ఇంకా చేతికి రాని డబ్బు మీద పన్ను పడకుండానే పెరుగుతుంది. ఒకేసారి తీసుకుంటే ముందు 37 శాతం దాకా ఫెడరల్ పన్ను కట్టి, మిగిలినదాన్నే మనం పెంచుకోవాలి.

చీటీపాటల మధ్య పెరిగిన మనకి ఇదంతా వేరే చెప్పాలా? ఇరవై మంది, నెలకి ఐదు వేలు, లక్ష రూపాయల చీటీ. కూతురి పెళ్ళి కుదిరినవాడు మూడో నెల్లోనే ఎనభై వేలకి పాడేసుకుంటాడు. అవసరం లేనివాడు చివరిదాకా ఆగి మిగతావాళ్ళు వదిలిన పాట లాభం పంచుకుంటాడు. ఇద్దరిలో ఎవరూ వెర్రివాళ్ళు కారు. పాత పద్ధతి పింఛనున్న కేంద్ర ప్రభుత్వోద్యోగి రిటైరయ్యేటప్పుడు 40 శాతం దాకా కమ్యుటేషన్ చేసుకుని మొత్తం తీసుకుంటే, ఆ మేరకు కోత 15 ఏళ్ళు. మన ఇళ్ళల్లో ఎంతోమంది ఇల్లు కట్టుకోవడానికో, పిల్లల చదువులకో ఈ లెక్క వేసుకున్నవాళ్ళే.

అయితే చీటీలో మనం మొదట చూసేది వడ్డీ కాదు, చీటీ నడిపే మనిషిని. లాటరీలోనూ అంతే. 2015లో ఇల్లినాయ్ రాష్ట్రంలో బడ్జెట్ తగాదా వచ్చి, మొదట 25 వేల డాలర్లు దాటిన బహుమతులు, తర్వాత 600 దాటినవి కూడా కొన్ని నెలలు ఆపేశారు. గెలిచినవాళ్ళు కోర్టుకెళ్ళారు. 1690ల నాటి లండన్‌వాసికి ఈ వార్త చదివి వినిపిస్తే ఏమాత్రం ఆశ్చర్యపోడు.

మధ్యలో మనసు మారినా ఖరీదే. 1991లో ఆరిగన్ లాటరీలో 90 లక్షల డాలర్లు గెలిచినాయన 1996లో మిగిలిన వాయిదాలు 39.5 లక్షలకి ఒక కంపెనీకి అమ్మేశాడు. అది ఆస్తి అమ్మకం కాబట్టి తక్కువ పన్ను వర్తిస్తుందన్నాడు. 2004లో అప్పీలు కోర్టు కుదరదంది: మామూలు ఆదాయమే, మామూలు పన్నే.

కాబట్టి నా మటుకు చూడాల్సినవి మూడు. ఆరోజు వడ్డీ ఎంత, ఇచ్చేవాడు ముప్ఫై ఏళ్ళు నిలబడతాడా, డబ్బు చేతికొస్తే మన చెయ్యీ మన చుట్టాలూ ఎలాంటివాళ్ళు. మొదటిది పేపర్లో దొరుకుతుంది, రెండోది చరిత్రలో. మూడోది ఎవరికి వారే చూసుకోవాలి. 60 రోజుల గడువు నిజంగా పనికొచ్చేది దానికే.

ఈసారి హైవే మీద ఆ బోర్డు కనబడితే పెద్ద అంకె వదిలేసి, నగదు విలువ ఎంతో వెతికి చూడండి. మీరైతే ఏది తీసుకుంటారో, ఎందుకో కూడా చెప్పండి.