రోమచర్మముల వేటలో బోను కథ

ఉత్తర అమెరికా ఖండపు చరిత్రను బీవరు అను ఒక జంతువు నడిపించినదనుట అతిశయోక్తి కాదు. నీటియొడ్డున చెట్లను కొరికి పడవేసి, కొమ్మలతోను బురదతోను ఆనకట్టలు కట్టుకొని బ్రదుకు ఈ జంతువు మేనిపై రెండు విధములైన రోమము లుండును. పైవి నిడుపైనవి, బిరుసైనవి. అడుగున నున్నవి సన్నని నూగు. ఆ నూగు పోగులకు కంటి కగపడని ముళ్ళుండుటచే అవి యొకదానితో నొకటి పెనగొని గట్టి ఫెల్టుగా కుదురును. ఐరోపాలో సంపన్నులు ధరించు టోపీలు చిరకాలము దీనితోనే తయారగుచుండెను. ఐరోపాలోని బీవరులు తరిగిపోగా వర్తకుల దృష్టి అట్లాంటిక్ సముద్రమున కావలి అడవులపై పడెను. 1670 మే 2వ తేదీన ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ హడ్సన్స్ బే కంపెనీకి సన్నదు నొసగెను. 1600లో మన దేశముతో వర్తకమునకై ఈస్టిండియా కంపెనీ పొందిన సన్నదు వంటిదే యిది.

ఆ వర్తకమును గురించి, దాని వెంట నడచిన రాజ్యకాంక్షను గురించి చరిత్రకారులు విరివిగా వ్రాసియున్నారు. మేమిచ్చట చెప్పబూనినది అంతకంటె చిన్న విషయము. ఆ జంతువులను పట్టిన బోను ఎట్టిది? అందు చిక్కిన ప్రాణి ఎంతసేపు బాధపడెను? ఈ రెండు ప్రశ్నలకును విడదీయరాని సంబంధము కలదు.

తెల్లవారు రాక పూర్వము క్రీ, డెనె మున్నగు ఆదివాసి జాతులవారు వేటకు ఉరులను, దుంగబోనులను వాడుచుండిరి. దుంగబోను కట్టుట కెవరికిని డబ్బు చెల్లింప నక్కరలేదు. బరువైన దుంగ నొకదానిని చిన్న పుల్లల ఆధారముతో పైకెత్తి నిలిపి, దాని క్రింద ఎర పెట్టుదురు. జంతువు ఎరను లాగగనే పుల్ల జారును, దుంగ వీపుపై పడును. చక్కగా కట్టిన బోనైనచో ప్రాణి అచ్చటనే తక్షణము చచ్చును. కాని ప్రతి తావునను క్రొత్తగా చెట్టు నరికి కట్టుకొనవలసినదే. మంచు కప్పినచో అది పనిచేయదు. నీటి అడుగున అసలే పనికిరాదు.

ఈ కొరతలను తీర్చినది ఉక్కుబోను. రెండు ఉక్కు దవడలు, వాని నడుమ ఒక పళ్ళెము, ప్రక్కన ఒక స్ప్రింగు, కట్టివేయుట కొక గొలుసు. పళ్ళెముపై కాలు మోపగనే దవడలు మూసికొని కాలిని పట్టును. న్యూయార్కు రాష్ట్రమున సూయెల్ న్యూహౌస్ అను కమ్మరి 1820 ప్రాంతమున ఇట్టి బోనులను చేతితో చేయ మొదలిడెను. 1848లో వెలసిన ఒనీడా సమాజమున అతడు చేరిన పిమ్మట అవి యంత్రముల సాయముతో వేలకొలదిగా తయారై ఖండమంతట వ్యాపించెను. తేలికగా మోసికొని పోవచ్చును. నీటిలో నైనను ఒడ్డున నైనను పెట్టవచ్చును. ఏండ్ల తరబడి వాడవచ్చును. దుంగబోను క్రమముగా వెనుకబడెను.

కాని దుంగబోను చంపును. ఉక్కుబోను పట్టి యుంచును. భేదమంతయు ఇచ్చటనే యున్నది. నీటిలో పెట్టిన బోను జంతువును ముంచి చంపును. నేలపై పెట్టిన దానిలో చిక్కిన ప్రాణి వేటగాడు వచ్చువరకు అట్లే పడియుండవలసినదే. వేటగాని బోనుల వరుస పెక్కు మైళ్ళు సాగును. ఒకసారి చుట్టివచ్చుటకు దినములు పట్టును. ఆ లోపల చలికి బిగిసి చచ్చునవి కొన్ని, కాలు తెగి పోవువరకు గింజుకొని కుంటుచు పారిపోవునవి కొన్ని, ఇతర మృగముల కాహార మగునవి కొన్ని. పారిపోయిన జంతువు వేటగానికి నష్టము. మృగములు చీల్చిన చర్మమునకు వెల లేదు. కావున కరుణయు లాభమును ఈ యొక్క విషయమున ఒకే ప్రక్కన నుండెను.

ఈ బాధను గురించి విజ్ఞులు పలుకకపోలేదు. 1863లో చార్లెస్ డార్విన్, ఆయన భార్య ఎమ్మా కలసి ఇంగ్లండులో వాడు ఉక్కుబోనుల క్రౌర్యమును ఖండించుచు ఒక విజ్ఞప్తిని ప్రచురించిరి. ఆ దేశమున 1954లో చేసిన శాసనముచే ఆ బోనులు నిషిద్ధములగుటకు 1958 వరకు పట్టెను. దాదాపు నూరేండ్లు గడచెనన్నమాట.

ఆ 1958వ సంవత్సరముననే అమెరికాలో వేరొక బోను అంగడికి వచ్చెను. దానిని కనిపెట్టినవాడు పండితుడు గాడు, ఉద్యమకారుడును గాడు. ఆ వృత్తిలోనే బ్రదికిన వేటగాడు. ఫ్రాంక్ కోనిబేర్ ఇంగ్లండులో పుట్టి, కెనడా ఉత్తర ప్రాంతమునకు పోయి, ఫోర్ట్ స్మిత్ పరిసరముల దశాబ్దములు వేటాడెను. బోనులలో చిక్కినవాని అవస్థను కన్నులార చూచినవాడు గనుక, పట్టగనే చంపు బోనుకై అనేక సంవత్సరములు నమూనాలు చేసి చూచెను. 1950 తరువాత ఒక జంతు సంరక్షణ సంఘమువారు అతనికి తోడ్పడిరి. తుదకు పెన్సిల్వేనియాలోని లిటిట్జ్ పట్టణమున బోనులు చేయు కంపెనీ దానిని తయారు చేసి అమ్మ మొదలిడెను. ఒనీడా వారి ఉక్కుబోనుల వ్యాపారము కాలక్రమమున చేరినదియు ఈ కంపెనీకే యగుట గమనింపదగినది.

ఆ బోను నిర్మాణము మిక్కిలి సులభమైనది. లావైన ఉక్కు కడ్డీతో చేసిన రెండు చట్రములు రెండు ప్రక్కల మధ్యభాగమున కీలుతో కలుపబడి యుండును. పెట్టినప్పుడు ఆ రెండును ఒకదానిపై నొకటి చేరి తెరచిన కిటికీ వలె నుండును. జంతువు తన దారిని తాను పోవుచు ఆ కిటికీలో తల దూర్చును. నడుమ వ్రేలాడు తీగ కదలును. స్ప్రింగుల కొనల నున్న వలయములు చట్రములపై జారి వానిని కత్తెర వలె త్రిప్పును. దెబ్బ మెడపై గాని రొమ్ముపై గాని పడును. మన యిండ్లలో ఎలుకను కొట్టు స్ప్రింగు బోను చేయు పనియే యిది. బలము మాత్రము ఎన్నో రెట్లు. కోనిబేరు బోను చట్రములు చతురస్రములు. తరువాత గుండ్రని చట్రములతోను కొందరు చేసిరి. రెంటికిని సూత్ర మొక్కటియే. మస్కురాటునకు, మింకునకు చిన్నదియగు 110వ నంబరు, బీవరునకు పది అంగుళముల వాకిలి గల 330వ నంబరు ప్రసిద్ధములు.

ఇట్లు ఉక్కు ఒక శతాబ్దమునకు పైగా పెడదారిని నడచి మరల దుంగబోను ధర్మమునకే వచ్చి చేరెను. ఆదివాసి వేటగాడు దుంగ బరువుచే సాధించిన దానిని కోనిబేరు స్ప్రింగుచే సాధించెను.

అయినను యంత్రమునకు వివేకము లేదు. జంతువు అడ్డముగా వచ్చినను, బోను కొలత దానికి తగకున్నను, దెబ్బ నడుముపైనో పొట్టపైనో పడును. అప్పుడు చావు శీఘ్రముగా రాదు. కాలిని పట్టు బోను నుండి పొరపాటున చిక్కిన ప్రాణిని విడిచిపెట్టవచ్చును. దీని నుండి విడిచిపెట్టుటకు సాధారణముగా ప్రాణమే మిగులదు. పెంపుడు కుక్కలు ఇట్లు చచ్చుటచే అమెరికాలోని పలు రాష్ట్రములు పెద్ద బోనులను నేలపై పెట్టుటను గూర్చి నియమములు చేసినవి. కాబట్టి బోనులోని దయ ఉక్కులో లేదు. దానిని ఎచ్చట, ఏ కొలతతో, ఏ జంతువునకు పెట్టుదురో ఆ యెరుకలో నున్నది.

ఆ యెరుకను లెక్కకు తెచ్చు ప్రయత్నము పిమ్మట జరిగెను. 1991లో ఐరోపా సమాజము కాలిబోనులను నిషేధించి, వానిని వాడు దేశముల రోమచర్మముల దిగుమతిని గూడ ఆపుటకు తీర్మానించెను. దాని ఫలితముగా 1997లో ఐరోపా, కెనడా, రష్యాలు ఒక ఒడంబడిక చేసికొనెను. చంపు బోనును కనీసము పండ్రెండు జంతువులపై పరీక్షింపవలెను. వానిలో నూటికి ఎనుబదియైనను నిర్ణీత కాలములో తిరిగి తెలివిరాని స్థితికి చేరవలెను. ఆ కాలము ఎర్మిన్‌కు 45 సెకండ్లు, మార్టెన్‌కు 120, బీవరు మొదలగు తక్కినవానికి 300.

డార్విన్ దంపతులు గంటలలో చెప్పిన బాధ ఇట్లు సెకండ్లలోనికి వచ్చినది. ఇది స్వల్పమైన మార్పు కాదు. అయినను మూడువందల సెకండ్లనగా ఐదు నిమిషములు. నాడు కోనిబేరునకు తోడ్పడిన సంఘమే నేడు రోమచర్మములకై చేయు వేటనంతను మాన్పింప కోరుచున్నది. వేట తప్పదనువారు మేలైన బోను కావలెనందురు. అసలు తప్పక చేయవలసిన పని యేమని ఆ సంఘమువా రడుగుదురు. మొదటి ప్రశ్నకు వేటగాడును కమ్మరియు సమాధానము చెప్పగలిగిరి. రెండవదానికి సమాధానము చెప్పవలసినవారు రోమచర్మమును కొని ధరించువారు.