దాత పెట్టిన షరతు

న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోని డనీడన్ నగరంలో, మొరే ప్లేస్ వీధిలో, 1908 డిసెంబరులో ఒక గ్రంథాలయ భవనం తలుపులు తెరుచుకొన్నాయి. ఆ భవనానికి 10,000 పౌండ్లు ఇచ్చినవాడు అమెరికాలో ఉక్కు పరిశ్రమతో అపార ధనం గడించిన ఆండ్రూ కార్నెగీ. సొమ్ముతోపాటు ఆయన ఒక షరతు కూడా పంపాడు. ఆ సొమ్ము భవనాలుగా నిలిచింది. షరతు మాత్రం చాలా ఊళ్ళలో నిలువలేదు. న్యూజిలాండ్ గ్రంథాలయాల చరిత్రలో ముప్పయ్యేళ్ళ కథ ఆ తేడాలోనే ఉన్నది.

ఆ షరతుకు మూలం కార్నెగీ బాల్యంలో కనిపిస్తుంది. స్కాట్లండ్ నుంచి వలస వెళ్ళిన పేద నేతపనివాని కొడుకు అతడు. పిట్స్‌బర్గ్ ప్రాంతంలో తంతి వార్తలు మోసే కుర్రవాడుగా ఉన్నప్పుడు, కల్నల్ జేమ్స్ ఆండర్సన్ అనే పెద్దమనిషి పనిచేసే పిల్లల కోసం తెరిచి ఉంచిన పుస్తకాలే అతనికి బడి. తర్వాత ఆ గ్రంథాలయ నిర్వాహకులు, చేతిపని నేర్చుకొనే శిష్యులు కానివారు ఏడాదికి 2 డాలర్లు చందా కట్టాలన్నారు. 1853లో ఆ కుర్రవాడు దానిని ప్రశ్నిస్తూ పత్రికకు ఉత్తరం రాశాడు. చివరకు ప్రవేశం సాధించాడు. చందా అనే చిన్న గడప ఎవరిని బయట నిలబెడుతుందో అనుభవంతో తెలిసినవాడు గనుక, దాతగా మారినప్పుడు ఆ గడపను తీసివేయమన్నాడు. స్థలం ఊరు ఇవ్వాలి. ఇచ్చిన సొమ్ములో పదోవంతు ఏటా నిర్వహణకు ఊరే ఖర్చు పెట్టాలి. ప్రవేశం అందరికీ ఉచితంగా ఉండాలి. డనీడన్ లెక్కన అది ఏటా 1,000 పౌండ్ల బాధ్యత.

న్యూజిలాండ్‌లో 18 ఊళ్ళు ఈ సొమ్ము అందుకొన్నాయి. వెస్ట్‌పోర్ట్, థేమ్స్, హోకిటికా, టిమరూ, గోర్, ఓనెహంగా వంటి పట్టణాలతో పాటు ఫెయర్లీ వంటి చిన్న ఊరికి కూడా స్తంభాలతో, గంభీరమైన ముఖద్వారంతో భవనాలు వచ్చాయి. అయితే అనేక పురపాలక సంఘాలు షరతుకు అనుకూలమైన అర్థం చెప్పుకొన్నాయి. పఠన మందిరంలో కూర్చుని పత్రిక చదువుకోవడం ఉచితం. పుస్తకం ఇంటికి తీసుకువెళ్ళాలంటే చందా.

దీనిని కేవలం పిసినారితనం అనలేము. ఆ దేశంలో గ్రంథాలయమంటే చందాదారుల సంఘమన్న అలవాటు వలస తొలినాళ్ళ నుంచీ ఉన్నది. డనీడన్‌లోని ఎథీనియం 1851లోనే, అంటే అక్కడ స్థిరనివాసం ఏర్పడిన మూడేళ్ళకే, అలా పుట్టింది. పన్ను పెంచితే ఓటర్లు కోపగిస్తారన్న భయం దానికి తోడైంది. ఫలితం మెల్లగా కనిపించింది. చందా కట్టేవారు కొద్దిమంది గనుక వారి అభిరుచి ప్రకారమే పుస్తకాలు వచ్చేవి. తేలికపాటి నవలలు అలమరలు నింపాయి. మిగిలిన ఊరికి లోపల తమకేమీ లేదనిపించింది. తమకేమీ లేనిదానికి పన్ను కట్టడానికి ఎవరూ సిద్ధపడలేదు.

షరతును నిజంగా పాటించిన కొద్ది ఊళ్ళలో డనీడన్ ఒకటి. అక్కడ జరిగింది గమనించదగ్గది. చరిత్రకారుడు, రాజకీయ నాయకుడు అయిన రాబర్ట్ మెక్‌నాబ్ న్యూజిలాండ్‌కు సంబంధించిన తన అపురూప గ్రంథసేకరణను 1913లో ఆ నగర గ్రంథాలయానికే ఇచ్చాడు. 1948లో ప్రచురణకర్త ఎ. హెచ్. రీడ్ తన సేకరణను అక్కడికే చేర్చాడు. నమ్మకంగా నడుస్తున్న చోటికే మరొక దానం వెతుక్కుంటూ వస్తుంది.

1934లో పిట్స్‌బర్గ్ కార్నెగీ గ్రంథాలయాధిపతి రాల్ఫ్ మన్, ఆక్లండ్ గ్రంథపాలకుడు జాన్ బార్ కలిసి దేశమంతటి గ్రంథాలయాలను పరిశీలించి ఒక నివేదిక వెలువరించారు. చందా పద్ధతే ప్రధాన రోగమని అందులో తేల్చారు. ఆ పరిశీలనకు డబ్బు ఇచ్చింది కూడా కార్నెగీ స్థాపించిన సంస్థే. ఆ సంస్థ సొమ్ముతోనే అప్పటికి జెఫ్రీ ఆలీ అనే యువకుడు కాంటర్బరీ పల్లెల్లో పుస్తకాల పెట్టెలతో వ్యాను నడుపుతున్నాడు. అంతకుముందు ఆయన ఆల్ బ్లాక్స్ జట్టులో రగ్బీ ఆడినవాడు. 1938లో, పీటర్ ఫ్రేజర్ విద్యామంత్రిగా ఉండగా, ప్రభుత్వం గ్రామీణ గ్రంథాలయ సేవను ప్రారంభించి ఆలీకి అప్పగించింది. చిన్న పట్టణాలకు పుస్తకాలు అరువిస్తామని, పాఠకుల దగ్గర చందా తీసుకోకూడదని ఆ సేవ నియమం పెట్టింది.

అది కార్నెగీ షరతే. మరి మొదట విఫలమైనది తర్వాత ఎలా ఫలించింది? భవనం ఒకసారి ఇచ్చేది. కట్టడం పూర్తయ్యాక దాత చేతిలో ఏమీ మిగలదు. పుస్తకాలు మళ్ళీమళ్ళీ మార్చి ఇచ్చేవి. మాట తప్పిన ఊరికి తర్వాతి పెట్టె రాదు. ఇచ్చే చేయి ఆగిపోయిన చోట షరతు కాగితంగా మారింది. కొనసాగిన చోట ఆచారంగా మారింది.

తెలుగునాట గ్రంథాలయోద్యమం కూడా దాదాపు అదే కాలంలో దాతల చేతుల మీద పెరిగింది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో వెలిసింది. అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో 1914 ఏప్రిల్‌లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. విరాళాలతోనే ఊళ్ళు నిత్యవ్యయం భరించలేవని అనుభవం నేర్పింది. 1948 నాటి మదరాసు చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం గ్రంథాలయ సెస్సును స్థిరపరిచాయి. ఇంటిపన్ను ప్రతి రూపాయిపై 8 పైసలు అనే ఏర్పాటు ఆ దారిలో వచ్చినదే. కార్నెగీ అడిగిన పదోవంతుకు ఇది దగ్గరి చుట్టం. కాని వసూలైన సెస్సును స్థానిక సంస్థలు జమ చేయక బకాయి పెట్టడం, జిల్లా గ్రంథాలయ సంస్థలు ఎదురుచూడటం తెలుగు పాఠకులకు కొత్త సంగతి కాదు.

పుట్టిన ఊరికి గ్రంథాలయం కట్టించాలని తలచే ప్రవాసులు నేడూ ఉన్నారు. ఆ తలపు మంచిదే. పునాదిరాయి వేసేముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటి ఉన్నది: పదేళ్ళ తర్వాత ఆ తలుపు తాళం తీసే మనిషికి జీతం ఎవరిస్తారు? దానికి సమాధానం దొరికితే, గది చిన్నదైనా గ్రంథాలయమవుతుంది.